మంగళవారం టైర్లు

గుంట అయితే పరవాలేదు, ఉబ్బు అయితేనే భయం, గుంట అంటే లోపలి బట్ట పొరలో ఒక కొస ఇంకో కొస మీదికి ఎక్కిన చోటు, అక్కడ దారాలు రెండు వరసలు ఉంటాయి కనుక గాలి నింపినప్పుడు ఆ చోటు సాగదు, బయటికి పల్లంగా కనబడుతుంది, బలం ఎక్కువున్న చోటే పల్లం, ఉబ్బు అంటే దారం తెగిన చోటు, లేకుంటే పొరల నడుమ గాలి చిక్కుకున్న చోటు, ఈ సంగతి రోడ్డు మీద టైరు చూసి బెదిరేవాళ్ళకి ఎవరు చెబుతారు, మా అత్త సుబ్బులమ్మ అంతే, ఆటో టైరు పక్కన సొట్ట కనబడితే ఆ ఆటో ఎక్కదు, ఇదిగో ఈ టైరుకు గుంటా లేదు ఉబ్బూ లేదు, బల్ల మీద తిప్పాను, లైటు లోపలికి వంచాను, ఎడమ చెయ్యి అంచు మీద, కుడి చెయ్యి లోపల, గ్లవుజుకు వేళ్ళ కొసలు కత్తిరించుకున్నాను, కంటికి దొరకనిది వేలికి దొరుకుతుంది, చుట్టూ ఒక తిప్పు, అంచులో ఉక్కుతీగల కట్ట గుండ్రంగానే ఉంది, పైన అచ్చు రంధ్రాల్లోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, సరే, పచ్చ ముద్ర, పో, ఒక్కో టైరుకు నలభై సెకన్లు, పొద్దున ఆరింటి షిఫ్టు మొదలై రెండు గంటలయింది, పక్క బల్ల దగ్గర అమల నాకంటే రెండు టైర్లు ముందుంది, తర్వాతది వచ్చింది, ఇది మూడో లైనుది, అంచు దగ్గర అంటించిన గీతల చీటీని చూడకముందే నాకు తెలిసింది, చెయ్యి దానంతటదే లోపలి పొర అతుకు ఎడమ కొసకు పోయింది, అక్కడే, గోరు మందం, లేచి ఉంది, పెనం మీద దోసె అంచు లేచినట్టు, పొద్దున ఆయన పెనం మీది దోసెను చేత్తోనే తీసుకున్నాడు, అట్లకాడ ఇదిగో అనేలోపే, బొటనవేలూ చూపుడువేలూ పెనానికి ఆనించి, సూడబ్బా కాలతాది అన్నాను, యాడ కాలింది అన్నాడు, కాసేపటికి బొటనవేలి మీద తెల్లగా బొబ్బ లేచింది, ఎవరిదో వేలు చూసినట్టు దాన్ని చూసి ప్యాంటుకు తుడుచుకుని బండి తాళం అడిగాడు.

ఆయనంటే విజయ్ కుమార్, నా పెనిమిటి, మూడో లైనులో టైరు కట్టే మనిషి, కట్టడం అనే అంటాం మేము, ఇల్లు కట్టినట్టు, పూలు కట్టినట్టు, తిరిగే డ్రమ్ము మీద ముందు లోపలి పొర, గాలిని బయటికి పోనీయకుండా పట్టుకునే మెత్తని రబ్బరు షీటు, లైనరు, దాన్ని చుట్టూ చుట్టి కొస మీద కొస వేసి బొటనవేళ్ళతో అదిమి రోలరు నడపాలి, దాని మీద రబ్బరు పూసిన బట్ట, రెండు పక్కలా ఉక్కుతీగల చుట్టలు, బట్ట కొసల్ని ఆ చుట్టల మీదుగా మడిచి పక్క రబ్బరు, తర్వాత డ్రమ్ము ఉబ్బితే టైరు రూపం వస్తుంది, దాని మీద ఉక్కు బెల్టులు రెండు, ఒకదాని తీగలు ఇటు ఏటవాలు, ఇంకోదానివి అటు ఏటవాలు, అన్నిటికీ పైన రోడ్డును తాకే మందపు పట్టా, అప్పుడది పచ్చి టైరు, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, గీతలుండవు, అక్షరాలుండవు, ప్రెస్సులో పెడితే బ్లాడరు అనే రబ్బరు తిత్తి లోపలినుంచి ఆవిరితో ఉబ్బి దాన్ని అచ్చుకు అదుముతుంది, పావుగంటలో గంధకం రబ్బరును పట్టుకుంటుంది, పొరలన్నీ ఒకటవుతాయి, కానీ పచ్చిగా ఉన్నప్పుడు సరిగ్గా అతకనిది ఉడికిన తర్వాత అతకదు, ఈ మాట నాకు చెప్పినవాడు ఆయనే, తొమ్మిదేళ్ళ కిందట మేము పన్నెండు మంది ఆడపిల్లలం కొత్తగా చేరినప్పుడు, ఒక టైరును అడ్డంగా కోయించి బల్ల మీద పెట్టి, సూడండి పాపలూ, దీంట్లో పదిహేను ముక్కలుండాయి, మీకు నల్లగా ఒకటే కనబడతా ఉండాది, నాకు పదిహేనూ కనబడతాయి అన్నాడు, మాలో ఒకత్తి నవ్వింది, నేను నవ్వలేదు, ఆ ముక్కలు లెక్కపెడుతున్నాను, పద్నాలుగే వచ్చాయి, పద్నాలుగే ఉండాయి సార్ అన్నాను, ఆయన మళ్ళీ లెక్కపెట్టుకుని, లైనరును మరిసినావు, కనబడేంత మందం ఉండదు, అదే లేకపోతే మిగతావి ఎందుకూ పనికిరావు అన్నాడు, ఆ మాటకే కాబోలు నేను ఆయన్ని ఇష్టపడ్డాను, ఇప్పుడు అదే లైనరు నా వేలి కింద లేచి ఉంది, నేను ఎర్ర ముద్ర వేసి స్క్రీను మీద తప్పు కోడు కొట్టాలి, రెండు కోడులు పక్కపక్కనే ఉంటాయి, అతుకు తప్పు అని కొడితే కట్టిన మనిషి నంబరుకు పోతుంది, బ్లాడరు ముడత అని కొడితే ప్రెస్సుకు పోతుంది, నా వేలు ముడత మీద పడింది.

మొదటిసారి నిజంగానే తెలియక కొట్టాను, నాలుగు నెలల కిందట, ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలను, లోపల గీతలా ఉంది, బ్లాడరు ముడత పడితే అలాగే గీత వస్తుంది, అందుకని కొట్టాను, రెండోసారి చీటీ మీద ఆయన నంబరు చూశాను, మూడోసారి వెతికి మరీ చూశాను, అప్పటికి ఇంట్లో కూడా కొన్ని కనబడుతున్నాయి, ఉడకబెట్టిన చెనిగ్గాయలు నా వైపు తోసి నువ్వు ఒలువు నేను తింటాను అనడం, సరసం అనుకున్నాను, చేప ముళ్ళు తీసిపెట్టమనడం, ఆదివారం నాగలాపురం చర్చిలో పాటల పుస్తకం నా చేతిలో పెట్టడం, ఎప్పుడూ తానే పట్టుకుని పేజీ తిప్పేవాడు, ఆ పల్చటి కాగితం ఇప్పుడు ఆయన వేళ్ళకు దొరకడం లేదు, బండి నడిపేటప్పుడు మలుపు మలుపుకీ కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి విదిలించడం, వెనక కూర్చుని ఏమైందబ్బా అంటే తిమ్మిరి అంటాడు, పన్నెండేళ్ళు రోజుకు రెండువందల సార్లు మణికట్టు తిప్పి అదిమిన చెయ్యి, తిమ్మిరి ఎక్కదా మరి, ఆస్పత్రికి పోదాం పద అంటే, పోతే ఏమంటారు, డ్రమ్ము మీదినుంచి దించి స్టోర్సులో వేస్తారు, అట్ల కూర్చునేదానికా నేను నేర్చుకునింది అన్నాడు, ఆ తర్వాత నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు, కానీ ఆయన నంబరు టైరు వస్తే నా చెయ్యి ముందు ఎడమ కొసకే పోవడం మొదలైంది, ఎందుకంటే ఆయన కుడి బొటనవేలు అక్కడే మొదలుపెడుతుంది, మూడో లైనువన్నీ నా బల్లకే వస్తాయి, రోజుకు రెండో మూడో దొరుకుతాయి, చిన్నవి బాగుచేసే గదికి, పెద్దవి తుక్కుకు, ఏవీ బయటికి పోవు, నేనుండగా పోవు, ఇందులో తప్పేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను, తనిఖీ ఉన్నది దానికే కదా, చెడ్డవి పట్టుకోవడానికే కదా నన్ను పెట్టింది, పట్టుకుంటున్నాను.

పాపా, ఒక మాట, అని పదింటప్పుడు చెంగయ్యన్న వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు, ప్రెస్సుల మెకానిక్కు, రెండు చేతుల్లో నల్లటి బ్లాడరు, ఇంకా పొడరు తెల్లగా ఉంది, కొత్తది, దీన్ని సూడు అన్నాడు, యాడన్నా ముడత ఉండాదా సెప్పు, నిన్న మద్దేనం మార్చినాను, నా చేతుల్తో ఎక్కించినాను, పొద్దున నుంచి నువ్వు మూడు రాసినావు ముడత అని, ఇట్లయితే నేను ఏం సేసేది, దేవనాథన్ సార్ నన్ను పిలిచి ఇది ఐదో బ్లాడరు చెంగయ్యా, నీకు ఎక్కించేది వచ్చునా రాదా అన్నాడు, ఇరవై రెండేండ్లు సర్వీసు, ఎవురూ నన్ను ఆ మాట అనలేదు, ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇబ్బంది, కోపం ఉంటే నేనూ ఏదో అనేదాన్ని, ఆయన నిజంగానే ముడత ఎక్కడ పడుతుందో నాతో కలిసి వెతుక్కుందామని వచ్చాడు, బ్లాడరును బల్ల మీద పరిచి వేళ్ళతో తడుముతున్నాడు, నేనూ తడిమాను, నున్నగా ఉంది, ఉండదా మరి, ఐదు బ్లాడర్లు, మంచివి, నా కోడు వల్ల తీసి పారేసినవి, ఇది నేను ఎప్పుడూ తలుచుకోలేదు, ముడత అనే మాట కొడితే అది ఎక్కడికో పోయి ఆగిపోతుందనుకున్నాను, అది ఈ మనిషి దగ్గరికి పోతూ ఉంది, సూసినావా, ఏం లేదు కదా అన్నాడు, ఏం లేదన్నా అన్నాను, మరి మంగళారం ఒక్కటి కూడా రాయలేదే, పాత బ్లాడరుతోనే నడిచింది కదా, ఆ రోజు బాగుండి ఈ రోజు ఎట్ల పాడయితాది అన్నాడు, మంగళవారం నేను లేను కదన్నా, సెలవు, అన్నాను, అన్న తర్వాత నా నోట్లోంచి వచ్చిన ఆ మాటను నేనే విన్నాను.

మంగళవారం నేను లేను, చిత్తూరులో ఉన్నాను, అత్తకు కంటి ఆపరేషను, ఐరాల నుంచి ఆమెను బస్సులో తీసుకొచ్చి పొద్దంతా వరండాలో కూర్చున్నాను, కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఆమె, నా కొడుకు రాలేదే అంటే, సెలవు ఇద్దరికీ ఇయ్యరత్తా, ఆయన పనికి పోయినాడు అన్నాను, ఆయన పనికి పోయాడు, డ్రమ్ము ముందు నిలబడ్డాడు, రెండువందల టైర్లు కట్టాడు, అవి నా బల్లకు కాదు అమల బల్లకు పోయాయి, బాత్రూముకు పోయి వస్తానని అమలకు చెప్పి ఇన్‌స్పెక్షన్ గదిలోని స్క్రీను దగ్గరికి పోయాను, మంగళవారం మొదటి షిఫ్టు, మూడో లైను, అతుకు తప్పు సున్నా, బ్లాడరు ముడత సున్నా, సోమవారం మూడు, బుధవారం రెండు, గురువారం నాలుగు, మంగళవారం మాత్రం సున్నా, ఆ ఒక్క రోజు ఆయన వేలికి స్పర్శ వచ్చిందా, వచ్చి మళ్ళీ పోయిందా, అమలను తప్పు పట్టలేను, పచ్చి టైరు లోపల బ్లాడరుకు అతుక్కోకుండా పూసే మందు ఆ అంచును కప్పేస్తుంది, చూస్తే సన్నటి గీత, అంతే, ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలిసినవాళ్ళకే దొరుకుతుంది, తెలిసినదాన్ని నేనొక్కదాన్ని, తెలిసింది ఎవరికీ చెప్పనిదాన్ని, అంతకు ముందు నెలలో రెండు రోజులు నాకు జ్వరం, వాటినీ చూశాను, సున్నా, సున్నా, ఆ రెండు రోజులవి ఎప్పుడో బయటికి పోయాయి, పేర్లు లేని ఊళ్ళకు, చిన్న వ్యాన్లకు, పాల క్యాన్లు వేసుకుని పోయేవి, టమోటా పెట్టెలు పోయేవి, అలిపిరి దాకా పదిమందిని కుక్కుకుని పోయేవి, అతుకు తెరుచుకుంటే వెంటనే ఏమీ కాదు, అదే దాని మాయ, గాలి కొంచెం కొంచెంగా పొరల్లోకి దూరుతుంది, ఉక్కు బెల్టు దాకా పోతుంది, తేమ పోతుంది, తీగ తుప్పు పడుతుంది, ఆరు నెలలకో ఏడాదికో ఎండపూట వేగంగా పోయేటప్పుడు పైపట్టా ఊడి వస్తుంది, అప్పుడు ఎవరి వేలు ఎక్కడ సరిగా ఆనలేదో ఎవరికి తెలుస్తుంది, డ్రైవరునే అంటారు, మంగళవారంవి ఇంకా పోలేదు, గోడౌనులో ఉన్నాయి, స్క్రీను మీద పక్క గడిలో ఉంది, లోడింగు ఈ రోజు పన్నెండుకు.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది, చెప్పకుండా సర్దే దారి ఏమైనా ఉందా అని నా బుద్ధి వెతికింది, నేను ఒప్పుకుంటున్నాను, గోడౌనుకు పోయి ఏదో వంక పెట్టి నేనే వాటిని మళ్ళీ చూస్తే, రెండువందల టైర్లు, ఒక్కదాన్ని, గంటన్నరలో, గోడౌను తాళం ఎవరిస్తారు, పోనీ అమలతో చెబితే, అమల ఏం చేస్తుంది, పోనీ ఆయనతోనే ముందు చెబితే, ఆయన అంటాడు, ఈ ఒక్కసారి వదిలెయ్యి నిస్సీ, రేప్పొద్దున నేనే సార్ తో సెప్తాను, రేపు చెప్పడు, ఎల్లుండీ చెప్పడు, ఆయన చెడ్డవాడని కాదు, నేనే నాలుగు నెలలు చెప్పలేదు కదా, ఆయనకంటే నాకు ఎక్కువ తెలుసు, ఆయనకు తన వేళ్ళ సంగతే తెలుసు, ఎన్ని లేచాయో, ఎంత మందం లేచాయో నాకే తెలుసు, స్పర్శ లేని వేలికి తాను సరిగా అదిమానో లేదో ఎలా తెలుస్తుంది, రోజు చివర బోర్డు మీద తన నంబరుకు ఎదురుగా సున్నా కనబడితే, పరవాలేదు, ఇంకా కట్టగలుగుతున్నాను అనుకోడా, ఆ సున్నాలు వేసింది ఎవరు, కాళ్ళు అప్పటికే దేవనాథన్ సార్ గది వైపు నడుస్తున్నాయి, మధ్యలో పచ్చి టైర్ల బండ్లు అడ్డం వచ్చాయి, ఆగి, అవి పోయాక మళ్ళీ నడిచాను.

దేవనాథన్ సార్ క్వాలిటీ మేనేజరు, తిరుపతి మనిషి, నుదుట సన్నటి నామం, ఎవరినీ ఏకవచనంలో పిలిచినట్టుండదు, పిలిచినా మెత్తగా ఉంటుంది, ఏమ్మా నిస్సీ, లైను వదిలి వచ్చావు అన్నాడు, సార్, మంగళవారం మొదటి షిఫ్టు మూడో లైను టైర్లు లారీ ఎక్కించొద్దు సార్, లైనరు అతుకులు తెరుచుకునేవి దాంట్లో ఉంటాయి అన్నాను, నువ్వు మంగళవారం లేవు కదమ్మా, ఎలా తెలుసు అన్నాడు, మిగతా రోజులు నేను పట్టుకుంటా ఉండాను సార్, పట్టుకుని బ్లాడరు ముడత అని రాస్తా ఉండాను, అది ముడత కాదు, అతుకే, చెంగయ్యన్న తప్పేమీ లేదు, అన్నాను, ఎవరి నంబరు అని ఆయన అడగలేదు, స్క్రీను తిప్పుకుని చూశాడు, చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు, ఎన్నాళ్ళుగా, అన్నాడు, నాలుగు నెలలు సార్, ఆయన చెయ్యి, అని ఆగాను, ఆయన కుడిచేతి వేళ్ళకు స్పర్శ లేదు సార్, ఆయన నాతో సెప్పలేదు, టైర్లు సెప్పినాయి, అన్నాను, సార్ ఫోను తీసి గోడౌనుకు చేశాడు, లోడింగు ఆపండి, మూడో లైను మంగళవారం లాటు పక్కకు పెట్టండి, నేను వస్తున్నాను అని, పెట్టేసి, నువ్వు చేసింది చిన్న తప్పు కాదమ్మా, నీకూ తెలుసు, దాని సంగతి తర్వాత చూద్దాం, నీ మీద విచారణ ఉంటుంది, బల్ల నుంచి తీసేస్తాను, కానీ ఇప్పుడు ఆ రెండువందల టైర్లలో ఎక్కడ చూడాలో తెలిసిన చెయ్యి నీ ఒక్కదానిదే, గ్లవుజు వేసుకుని రా, అన్నాడు.

నూట తొంభై ఆరు టైర్లు, గోడౌను నేల మీద వరసగా పడుకోబెట్టారు, నేను ముందు, అమల వెనక, సార్ చేతిలో కాగితం, ఎడమ కొస, ఇక్కడ, ఇట్ల గోరు ఆనించి లాగితే దొరుకుతుంది అని అమలకు చూపించాను, ఆమె మొదటిది దొరికినప్పుడు నా ముఖంలోకి చూసింది, అక్కా ఇది నేను పంపించినానా అంది, నువ్వు కాదు అన్నాను, యాభై దాటేసరికి ఒకటి, వందకు రెండు, చివరికి ఐదు, ఐదోది కోయమన్నాడు సార్, కోస్తే అతుకు అరచెయ్యి పొడుగునా విడిపోయి ఉంది, లోపల బట్ట దారాలు కనబడుతున్నాయి, చెంగయ్యన్న ఎవరు చెబితే వచ్చాడో వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నేను ఆయన దగ్గరికి పోయి, అన్నా, ఐదు బ్లాడర్లూ మంచివే, నేనే అబద్ధం రాసినాను అన్నాను, ఆయన ఆ కోసిన టైరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఈ మాట నాతో ఒక్కసారి సెప్పుంటే ఏం పోయేది పాపా అన్నాడు, నేను రాత్తిరిళ్ళు నా చేతుల్ని సూసుకుంటా ఉండినాను, ముసిలోడినయిపోయినానేమో అని, అని వెళ్ళిపోయాడు, తిట్టి ఉంటే బాగుండేది, పాత లాట్లు రెండూ బయటికి పోయినవి కూడా చెప్పాను సార్ కు, తేదీలతో సహా, డీలర్లకు కబురు పెట్టి వెనక్కి తెప్పించాలి, దొరికినన్ని దొరుకుతాయి అన్నాడు, దొరకనివి అనే మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు, అది నా దగ్గర ఉంటుంది.

నేనే పోయి సెప్తాను సార్, అన్నాను, సార్ తల ఊపాడు, మూడో లైను, డ్రమ్ము తిరుగుతూ ఉంది, విజయ్ లైనరు చుట్టి కొస వేసి అదుముతున్నాడు, నేను కొంచెం దూరంలో ఆగి చూశాను, ఇన్నేళ్ళలో ఆయన పనిచేసేది ఇంత సేపు చూడలేదు, కుడి బొటనవేలితో అదిమి, అక్కడే ఎడమ బొటనవేలితో మళ్ళీ అదుముతున్నాడు, అదిమి వంగి కంటితో చూస్తున్నాడు, కళ్ళు దగ్గరికి పెట్టి, ఇంతకు ముందు పక్కవాడితో మాట్లాడుతూ చేసే పని, అంటే ఆయనకు తెలుసు, తెలిసి, తెలియని చేతికి ఇంకో చెయ్యి సాయం తెచ్చుకుంటున్నాడు, నన్ను చూసి మిషను ఆపాడు, ఏమ్మే, ఈ టైములో ఈడికి వచ్చినావు, అమ్మకేమన్నా అయిందా అన్నాడు, అత్తకేం కాలేదు, మంగళారం నువ్వు కట్టినవి ఐదు తెరుచుకున్నాయి, సార్ కు సెప్పేసినాను, నీ చెయ్యి గురించి కూడా సెప్పినాను అన్నాను, ఒకే ఊపిరిలో, ఆగితే చెప్పలేనని, ఆయన ముఖం ఎర్రబడింది, నాతో ఒక మాట అడక్కుండానా అన్నాడు, అడిగితే ఏమంటావో తెలుసు, అందుకే, అన్నాను, పన్నెండేండ్లు నిస్సీ, ఈ లైనులో నా నంబరు మీద తప్పు లేదు, బోర్డు సూడు, నాలుగు నెలలుగా ఒక్కటి లేదు, అన్నాడు, ఉండినాయి, రోజుకు మూడు, నేను నీ పేరు మీద రాయలేదు, అన్నాను, అప్పుడు ఆయన చేతులు రెండూ డ్రమ్ము మీద ఆనించి నిలబడ్డాడు, ఎర్రదనం పోయింది, ఏదో కూలబడినట్టు, నేను బాగానే కడతా ఉండానని అనుకుంటిని, అన్నాడు, చాలా చిన్నగా, ఆ బోర్డు సూసుకుని, పరవాలేదు, ఇంకా పోలేదు అనుకుంటిని, ముందే సెప్పుంటే నేనే దిగిపోయి ఉందును కదా, ఆ మాట నిజమో కాదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, అది నిజమయ్యే వీలు నేనే లేకుండా చేశాను, మిషను స్విచ్చి తీసి, సగం కట్టిన టైరు అట్లాగే వదిలి, పద, యాడికి రావాలో సెప్పు అన్నాడు.

మెడికల్ రూములో సిస్టరు గురవమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది, నన్ను గోడ పక్క బెంచీ మీద, మణికట్టు మీద వేలితో కొట్టి చూసింది, జిల్లుమంటా ఉండాదా, ఉండాది, ఎన్నాళ్ళయింది, ఏడాది దాటింది అన్నాడు, ఏడాది అనే మాట నాకు కొత్త, నరం నొక్కుకుపోయింటాది, తిరుపతిలో పెద్ద డాక్టరుకు రాసిస్తాను, చిన్న ఆపరేషనుతో కొంతమందికి వస్తాది, ఇంత ఆలస్యం చేసినారు, ఎంత వస్తాదో నేను చెప్పలేను అంది, బొటనవేలి బొబ్బకు మందు రాసింది, తర్వాత దూది తీసి పొడుగ్గా మెలిపెట్టి, కళ్ళు మూసుకోప్పా, నేను తాకతాను, ఏ వేలో సెప్పు అంది, ఆయన కళ్ళు మూసుకున్నాడు, అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా, ఈ చేతిని నేను ఇంత వెలుతురులో చూసి ఎన్నాళ్ళయిందో, బొటనవేలి కింద కండ పల్చబడి గుంట పడింది, దూది చిటికెన వేలిని తాకింది, చిటికెన అన్నాడు వెంటనే, ఉంగరం వేలిని తాకింది, ఆగి, ఉంగరం ఏలు అనుకుంటాను అన్నాడు, దూది మధ్యవేలి మీదికి వచ్చింది, కొసనుంచి మొదలుదాకా నెమ్మదిగా పోయింది, ఆయన ఏమీ అనలేదు, ఇంకా తాకలేదనుకుంటున్నాడు, సిస్టరు మళ్ళీ రాసింది, నాకు దూది కదలడం కనబడుతోంది, మధ్యవేలు అనే మాట నా నాలుక మీదికి వచ్చేసింది, పెదవులు కూడా కదిలాయి, ఆయన ముఖం కళ్ళు మూసుకునే నా వైపు కొంచెం తిరిగింది, ఏ వైపునుంచి జవాబు వస్తుందో తెలిసినవాడిలా, అప్పుడు తెలిసింది నాకు, నేను ఆయన్ని కాపాడుతున్నాననుకున్న నాలుగు నెలలూ చేసింది ఇదొక్కటే, ఆయన నోటినుంచి రావాల్సిన మాటను నేను ముందే చెప్పేయడం, ఆయనకు లేనిది ఉన్నట్టు ఆయన్నే నమ్మించడం, ప్రేమే అది, కాదని అనను, కానీ దానివల్ల ఆయన చెయ్యి ఆయనకే తెలియకుండా పోయింది, పెదవులు బిగించి బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను, ఏమీ అనకుండా కూర్చోవడం ఇంత బరువని తెలియదు, సిస్టరు ఎదురుచూసింది, నేను ఎదురుచూశాను, చివరికి ఆయన కళ్ళు తెరవకుండానే, తెలీలేదు సిస్టర్, తాకినారేమో గానీ నాకు తెలీలేదు, అన్నాడు, ఆయనే అన్నాడు.